నా కాలికే మోగే కారు

తాడేపల్లిగూడెం,
14-8-1936.

వీరరాఘవమ్మకి,

ఆశీస్సులు రాయను. పెళ్లాన్ని దీవించడానికి మొగుడెవడని నేనే వ్యాసం రాశాను కదా, అంచేత నమస్కారం. ఇక్కడ నేనూ, అమ్మా, గేదే కులాసా. రాజమండ్రిలో నీ ట్రెయినింగు చదువు బాగా సాగుతోందని తలుస్తాను. నలభయ్యో ఏట బడేమిటని అడిగేవాళ్లకి ఇక్కడ నేను సమాధానం చెబుతూనే ఉన్నాను, గట్టిగానే.

నీ ప్రశ్నలకి జవాబులు: మాగాయ బూజు పట్టలేదు. ఉంగుటూరు చేలో ఊడ్పులయ్యాయి. మూడోదానికి చివర్న చెబుతాను.

కారు చప్పుడు సంగతి రాశాను కదా. స్టార్టరు మీట కాలితో నొక్కితే ఇనుము నమిలినట్టు గర్రుమంటోంది. ఎదురింటి కోదండరామయ్యగారు "అమావాస్యనాడు కొన్నారండి మరి" అన్నారు. "ఇంజనుకి పంచాంగం చూడ్డం వచ్చాండీ?" అన్నాను. కొల్లేటి తేమ అన్నారింకొకరు. నేను మాత్రం కార్లు బాగుచేసే షెడ్డు మత్తయి పాత పళ్లచక్రం వేసి కొత్తదన్నాడని తేల్చేశాను. తేల్చి ఊరుకున్నానా? అతని పేరుతో సహా "మరమ్మతు మోసాలు" అని వ్యాసం రాసి ఏలూరు ప్రెస్సుకి పంపాను.

మొన్న బుధవారం షెడ్డుకెళ్లి దులిపేశాను. మత్తయి కారెక్కి మీట నొక్కాడు. చప్పుడు లేదు. నేను నొక్కాను. గర్ర్!

"నా కాలికి మోగదండి. మీ కాలికే మోగుతోందండి."

"కాళ్లలో కూడా కులాలున్నాయటోయ్!"

అతను నా ఎడంపక్క సీట్లో కూర్చుని మళ్లీ నొక్కమన్నాడు. మళ్లీ గర్ర్. అతనేదో గొణిగినట్టనిపించింది.

"ఏమన్నావు?"

"ఇంజను స్టార్టయిందండి, కాలు తియ్యండని మూడుసార్లు అరిచానండి. నాలుగోసారి తిట్టానండి. అదీ వినపళ్లేదు మీకు."

కారు మొదటి నొక్కుకే లేస్తోంది. అది వినపడక నేను రెండోసారి నొక్కుతున్నాను. తిరిగే చక్రానికి ఆగిన చక్రం తగిలి పళ్లు గీసుకుంటున్నాయి. అదీ రోగం.

ఇక నీ మూడో ప్రశ్న, "ఎడమ చెవి డాక్టరుకి చూపించారా?" అని. చూపించలేదు. చూపించానని జూన్‌లో రాసింది అబద్ధం. రెండేళ్లుగా సభల్లో ఎదుటివాడి వాదన సగమైనా వినకుండానే జవాబు చెబుతున్నాను. ఎవరూ పోల్చుకోలేదు, అదీ నా సిగ్గు.

అప్పటికప్పుడు మత్తయే కారు నడిపి ఏలూరు తీసికెళ్లాడు. దారిలో వ్యాసం సంగతి చెప్పి క్షమించమన్నాను. భీమడోలు దాటాం. కుడిపక్కనుంచి అతని గొంతు వినపడింది: "నా పేరు అచ్చులో చూడాలని మా ఆవిడ యేసమ్మకి ఎప్పటినుంచో సరదాండి. ఇలాగ కాదనుకోండి."

ప్రెస్సుకెళ్తే వ్యాసం ఇంకా అచ్చుకెక్కలేదు. కూర్చిన అక్షరాలు నా చేత్తోనే విప్పేశాను. అక్కడే బల్లమీద ఇంకో వ్యాసం రాసిచ్చాను. మత్తయి పేరు ఉంది, నా చెవీ ఉంది.

డాక్టరు ఎడమ చెవి ఇక రాదన్నాడు. కుడిది కొంచెం మందమేగాని పనికొస్తుందట.

వచ్చేటప్పుడు లెక్క తట్టింది. కారులో నువ్వెప్పుడూ నా ఎడంపక్కనే కూర్చున్నావు. ఈ రెండేళ్లూ ఏమేం చెప్పావో! నీ మాట నాకు అందాలంటే నువ్వు కుడిపక్కకి రావాలి. అక్కడుంది స్టీరింగు. ఆడవాళ్ల స్వేచ్ఛ మీద అంత రాసినవాణ్ణి, ఒక్కనాడూ నిన్నక్కడ కూర్చోమనలేదు. దసరా సెలవులకి రా. మత్తయి నేర్పుతానన్నాడు.

ఇట్లు,
ఎడం సీటుకి జరిగి కూర్చున్న
నీ భర్త,
అచ్యుతరావు