కూలర్‌లోంచి తీసిన పంపు

ఎబెన్,

అమ్మ పోయిన రోజు మూసిన గది తలుపు నిన్న తెరిచాను. ధైర్యం వచ్చి కాదు. ఈ ఎండకు కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందన్నావు కదా, దాని వేడి లాగేలా పైపుల్లో నీళ్ళు తిప్పడానికి అమ్మ కూలర్‌లోని చిన్న పంపు కావలసి వచ్చింది.

ప్లాంటులో డ్యూటీ దిగి రాగానే కంప్యూటర్ స్విచ్ వేయకు. ఇప్పుడు పంపు మాత్రమే నడుస్తోంది. పైపుల కింద పాత పేపరు పరిచాను. అది ఎక్కడైనా తడిస్తే పంపు ప్లగ్ తీసేసి, ఆ చోట క్లిప్పు బిగించు. పొడిగా ఉంటే అలాగే నడవనీ. నేను బడిలో వేసవి క్లాసులు చెప్పి వచ్చాక ఇద్దరం కలిసి కంప్యూటర్ ఆన్ చేద్దాం.

తొమ్మిదో తరగతికి ఉష్ణం పాఠం చెప్పే నేను మొదట పైపు సరిగా బిగించక, నీళ్ళన్నీ నా పంచె మీదే పోసుకున్నాను. పక్కింటి త్రినాథరావు కిటికీలోంచి చూసి, "ఏటి మాస్టారూ, మనుసులు మాడిపోతంటే డబ్బాకి తానం చేయిస్తన్నారేటి?" అన్నాడు. నిజమే. ఈ మే నెలలో మన ఇంట్లో చల్లగా ఉండబోయేది కంప్యూటర్ ఒక్కటే.

అన్నం గిన్నెలో ఉంది. పప్పులో ఉప్పు మళ్ళీ ఎక్కువైంది, పెరుగు వేసుకో.

నాన్న

ఇంకొక మాట. పంపు చేతికి రాగానే గదిలోంచి బయటికి వచ్చేశాను. అమ్మ మంచం మీది దుప్పటి ఇంకా మడత పెట్టలేదు.