ఆరింటికి మోగని ఫోను

ఆగస్టు 12, బుధవారం

అక్కకు నమస్కారాలు.

ఎలా ఉన్నావని అడగడానికి మొహం చెల్లడం లేదు. అడగకుండా ఉత్తరం మొదలుపెట్టడమూ చేతకావడం లేదు. మోకాళ్ళ వాపు తగ్గిందా? నిద్రలో నీ ఊపిరి ఆగినప్పుడల్లా బావ తట్టి లేపుతూనే ఉన్నాడా? నేను సెలవు అయిపోయి మళ్ళీ టికెట్ కౌంటర్లో డ్యూటీకి చేరాను. ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు.

బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు ఆరు వారాలు రోజూ నడిస్తేనే మత్తుకు నీ ఊపిరితిత్తులు తట్టుకుంటాయని డాక్టర్ గారు చెప్పారు కదా. బావ తెల్లారేసరికే షిఫ్టుకు వెళ్ళిపోతాడని, నేను సెలవు పెట్టి తోడు వచ్చాను. పొద్దున ఆరింటికి మోగేలా నర్సు నీ ఫోన్‌లో ఏదో పెట్టి ఇచ్చింది. “నడకకు టైమైంది, లేవండి” అని మెసేజీ వచ్చేది. మొదటి రోజు నువ్వు, “లేస్తున్నానే తల్లీ, అత్తగారిలా అరవకు” అని ఫోన్‌కే జవాబు చెప్పి చెప్పులు తొడుక్కున్నావు. మందుల షాపు దాకా వెళ్ళేలోపు నాలుగు సార్లు ఆగావు. పద్దెనిమిదో రోజున పెట్రోలు బంకు దాకా వెళ్ళొచ్చి, “ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదే!” అన్నావు. మొహమంతా చెమట, మొహమంతా నవ్వు.

ఆ మర్నాటి నుంచి ఫోన్ మోగలేదు. కుట్టు షాపులో రోజంతా కత్తెర పట్టుకుని నిలబడి వచ్చేదానివి. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, లేచేసరికి షాపు టైమయ్యేది. “పాడైందేమో చూడవే” అని ఫోన్ నా చేతికిచ్చావు. చూసినట్టు నటించి, బాగానే ఉంది, నీదే మొద్దునిద్ర అన్నాను. నమ్మేశావు. నేను పక్క గదిలో మేలుకునే ఉండేదాన్ని. లేపలేదు.

మొన్న ఆసుపత్రిలో తూకం చూస్తే, తగ్గాల్సింది పోయి రెండు కిలోలు పెరిగావు. ఆరు నిమిషాలు నడిపించి చూస్తామంటే మూడో నిమిషానికే గోడ పట్టుకున్నావు. ఆపరేషన్ ఆరు నెలలు వాయిదా వేశారు. నువ్వు కళ్ళు తుడుచుకుంటూ, “నాదే తప్పు డాక్టర్ గారూ, ఒళ్ళు వంచలేకపోయాను” అన్నావు. నీ పక్కన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తప్పు నీది కాదక్కా. కాల్స్ మామూలుగా మోగేలా ఉంచి, నీ ఫోన్‌లో ఆరింటి మోత ఒక్కటీ ఆపింది నేనే. అలిసిపోతున్నావు కదా, ఒక్క రోజు పడుకోనిద్దామనుకున్నాను. తర్వాత మళ్ళీ పెట్టడానికి బద్ధకించాను. అంతే.

క్షమించమని అడగలేని
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించి, రెండు రోజులు దగ్గరే పెట్టుకుని, మళ్ళీ చించాను. పైన రాసిన కారణం అబద్ధం. నీ మీద జాలితో ఆపలేదు. చిన్నప్పటి నుంచి మన లావు చూసి అందరూ జంట పీపాలంటే ఇద్దరం కలిసి నవ్వేసేవాళ్ళం. ఆ పద్దెనిమిదో రోజు నడకలో నువ్వు నాకంటే నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయావు. ఇక పీపాగా నేనొక్కదాన్నే మిగిలిపోతానని భయం వేసింది.

ఇంకొకటి కూడా ఉంది. మొన్న ఆసుపత్రిలో నువ్వు రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు, మీ అక్క నిజంగా ప్రయత్నిస్తోందా అని డాక్టర్ గారు నన్ను అడిగారు. అప్పటికి ఆయన వాయిదా సంగతి ఏమీ తేల్చుకోలేదు. “లేదండీ, ఎంత లేపినా లేవదు” అన్నాను.

నిన్న ఆయనకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆరు నెలలు అక్కర్లేదు, మళ్ళీ ఆరు వారాలు నడిచి వస్తే చూస్తామన్నారు. మోత ఎలా పెట్టాలో ఈ కాగితం వెనక రాశాను. బావ చేత పెట్టించుకో. ఆ ఫోన్ ఇంకెప్పుడూ నా చేతికి ఇవ్వకు.