మెడ మీద చెయ్యి

మెర్సీ అక్కా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఈసారీ రాలేకపోయాను. నేను నడపడానికి బావ జంగారెడ్డిగూడెంలో చూసి ఉంచిన ఆటోని ఇంకొన్నాళ్లు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు.

ఇక్కడ మా రొయ్యల చెరువుల ఆసామి ఒక గుర్రం పిల్లని కొన్నారు. దాన్ని నేనే మచ్చిక చేశాను. కొట్టలేదు, కట్టెయ్యలేదు. బెదిరి పారిపోబోతే మెడ మీద చెయ్యేసి, చెవి దగ్గర మెల్లగా మాట్లాడి, కాస్త బెల్లం పెట్టేవాణ్ణి. ఇప్పుడది గేటు తీసున్నా బయటికి పోదు.

మొన్న బట్టలు సర్దుకుని, వెళ్లొస్తానండీ అని ఆయనకి చెప్పడానికి వెళ్లాను. ఆయన అరవలేదక్కా. నా మెడ మీద చెయ్యేసి, "నువ్వెళ్లిపోతే దానికెవరున్నార్రా? నాకెవరున్నార్రా?" అన్నారు మెల్లగా. లోపల్నుంచి పూతరేకు తెప్పించి చేతిలో పెట్టారు. అది తింటూ పాక దగ్గరికి తిరిగొచ్చి సంచి విప్పేశాను. గుర్రం పిల్ల నా వైపే చూస్తోంది. దాని మొహం చూడలేకపోయాను.

ప్రతిసారీ ఇలాగే అవుతోంది. గేటుకి తాళం కూడా వెయ్యరు.

నువ్వే వచ్చి నన్ను తీసుకెళ్లు. గేటు దగ్గర్నుంచే గట్టిగా కేకలెయ్యి, అందరి ముందూ తిట్టు. మెల్లగా మాత్రం మాట్లాడకు.

నీ తమ్ముడు