పూజగదిలో రోమన్ నాణేలు

ఏలూరు, గురువారం రాత్రి

గణపవరం దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే కుండలో దొరికిన నాణేలను ఇవాళ చూసి వచ్చాను. రోమన్ వెండి నాణేలే. ముఖాలు బాగా అరిగినా ఇంకా గుర్తుపట్టవచ్చు. ఆ చెరువు రైతు భార్య సత్యవతి గారు వాటిని కరిగించి దీపపు కుందులు చేయిద్దామనుకుంటున్నారు.

"ఈ తలకాయ ఎవరిదండీ?" అని అడిగారావిడ.

ఎవరో చక్రవర్తి అంటే ఆగుతారా? "దేవుడండీ, కరిగించకూడదు" అనేశాను. పూర్తిగా అబద్ధమూ కాదు, చచ్చిపోయిన చక్రవర్తులను రోమ్‌లో దేవుళ్లను చేసేవారు.

ఆవిడ చెంపలు వేసుకుని నాణేలన్నీ పూజగదిలో పెట్టేశారు. హమ్మయ్య అనుకుని, కలెక్టరేట్‌లో అప్పజెప్పాలని చెప్పాను.

"దేవుడని మీరే అన్నారు కదండీ. దేవుణ్ణి ఆఫీసులో ఎలా ఇచ్చేస్తామండీ?"

రేపు కలెక్టరేట్‌కి నేనే వెళ్లి చెప్పాలి. దేవుడన్నది ఎవరని అడిగితే... అది కాదు నా బెంగ. గుమ్మం దిగుతుంటే ఆవిడ కోడలితో అంటున్న మాట వినబడింది. "రేపు శుక్రవారం కదమ్మా, వెండి సామానుతో పాటు ఈ దేవుళ్లనీ విభూతి పెట్టి గట్టిగా తోము. మొహాలు అద్దంలా మెరవాలి."

దేవుళ్లను తోమొద్దని ఇంక ఏ నోటితో చెప్పను? తెల్లారకముందే తోమేస్తారు. ఆఫీసు తలుపులు పదింటికి గానీ తీయరు.