గల్లీ తలుపు తాళంచెవి

హైదరాబాద్,
12-8-1986

రామదాస్ కాకకు,

మీరు నాందేడ్ నుంచి రాసిన కార్డు అందింది. "మీ అన్న ఇగ రాడు బిడ్డా. ఆయన అర్ర కిరాయికిస్తున్న" అన్నారు. ఆ గది ఇచ్చేముందు నా మాట ఒక్కటి వినండి.

ఇక్కడ కంప్యూటర్లతో నా పని ఇలాంటిదే. డిస్కు నుంచి సమాచారం రావడానికి మెమరీలో కొంత చోటు ఇస్తాం. ఆ చోటు ఒకసారి చూపించాక డిస్కు నడిపే యంత్రం మళ్ళీ ఎవరినీ అడగదు, నేరుగా వచ్చి నింపేస్తుంది. పని అయిందని అది చెప్పకముందే ఆ చోటు ఇంకొకరికి ఇస్తే, వాళ్ళది పాడైపోతుంది.

నందకిషోర్ అన్న మతి సరిగా లేక ముద్‌ఖేడ్‌లో రైలెక్కి పోయినప్పుడు, ఆ గదికున్న గల్లీ తలుపు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. "నా అర్ర ముట్టకుండ్రి, నేనే అస్త" అన్నాడు. వస్తే మనల్ని పిలవడు. నేరుగా తలుపు తీసుకుని కిరాయివాళ్ళ పిల్లల పక్కన పడుకుంటాడు. వాళ్ళు దొంగ అనుకుని కొడతారు. తాళం మారిస్తే ఆ గడప మీదే కూర్చుండిపోతాడు.

ఎంతకాలమని మీరు అడగవచ్చు. మా పనిలోనూ ఎదురుచూడడానికి గడువు ఉంటుంది. కానీ గడువు దాటాక ముందు యంత్రాన్ని ఆగమని చెప్పి, ఆ తర్వాతే చోటు వెనక్కి తీసుకుంటాం.

ఇక రావద్దని అన్నకు చెప్పాలంటే ఏ ఊరికి రాయను, కాకా?

మీ చిన్నోడు