శారాకు దొరికిన చోటు

జూలై 4, 2024. ఉదయం

సుధా, నేను చెప్పినట్టే రాయి. మెత్తబరచకు.

నాకు అక్షరం రాదు. నా కొడుకు ధనుంజయ్ రాయగడలో ఒడియా బడికి వెళ్లాడు కాబట్టి తెలుగు బైబిలు చదవలేడు. పార్వతీపురం నుంచి వచ్చిన నా కోడలు సుధ దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చి, నాకు రోజుకో అధ్యాయం చదువుతుంది. ఈ రోజు ఆదికాండం ఇరవై మూడు. అబ్రాహాము భార్య శారా చనిపోయింది. అబ్రాహాము ఉన్నది పరాయి ఊరు. పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. ఆ ఊరి హేతు వాళ్లను అడిగాడు. వాళ్ల దేవుడు వేరు. అయినా, మా సమాధుల్లో మంచిది ఏరుకో, ఎవరూ కాదనరు అన్నారు.

రెండోసారి చదవమన్నాను.

మా ఆయన పోయిన రోజు మా చర్చి సంఘం కాదంది.

జూలై 5

ఇంట్లో బాప్తిస్మం తీసుకున్నది నేనొక్కదాన్నే. ఆయన తీసుకోలేదు. కానీ ప్రతి ఆదివారం నన్ను స్కూటర్ మీద ఏసయ్య గుడికి దింపి, ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాడు. ప్రార్థన పొడుగైతే హారన్ కొట్టేవాడు. పొడుం ఇద్దరం ఒక డబ్బీలోంచే పీల్చేవాళ్లం. గుడి మీద రేకులు మా ఇనప కొట్టు నుంచి వెళ్లినవే. ఆయన రేకుల కింద వాళ్లు కూర్చోవచ్చు. వాళ్ల మట్టి కింద ఆయన ఉండకూడదు.

నాగావళి ఒడ్డున కాల్చారు. అస్థికల కుండ ఇంట్లోకి తేకూడదు గనక పెరట్లో మునగచెట్టుకు కట్టి ఉంది. గోదావరి వరద తగ్గగానే ధనుంజయ్ రాజమండ్రి తీసుకెళ్తాడు. నాకేమో గుడి వెనక సమాధుల్లో చోటుంది.

ఆయన నీళ్లలో. నేను మట్టిలో.

జూలై 7, ఆదివారం

అయ్యగారిని అడిగాను. నాకిచ్చే చోటులోనే ఆయన బూడిద పిడికెడు పెట్టనివ్వండి అని. పాస్టరుగా కొత్తవాడు, కమిటీని అడగాలన్నాడు. సంఘ పెద్ద అప్పలనరసింహం పక్కనే ఉన్నాడు. ఏటత్తా, ఈయేళ బూడిదంటావు, రేపు పిండాలంటావు అని నవ్వాడు. పిండం నీకే పెడతాన్రా, ముందు సావు అన్నాను.

వాక్యం విన్న నోటితో అనకూడదు. అన్నాను.

జూలై 12

ఈ రోజు చదవద్దన్నాను. వినబుద్ధి కాలేదు.

జూలై 17, సాయంత్రం

కమిటీ వచ్చింది. మా కొట్లో కూర్చుని మా టీ తాగి కుదరదంది. బాప్తిస్మం లేనివాడి బూడిద కూడా పనికిరాదట. హేతు వాళ్లు అబ్రాహామును నీ దేవుడెవరని అడిగేరా అన్నాను. అది పాత నిబంధనత్తా అన్నాడు అప్పలనరసింహం. రాబడిలో దశమభాగం అడిగినప్పుడు ఏ నిబంధన విప్పేవురా అన్నాను. ధనుంజయ్ నవ్వు ఆపుకోలేక గోడౌన్‌లోకి పోయాడు.

అయ్యగారు చెప్పులు వేసుకుంటూ, నా సేతిలో ఉంటే ఒప్పుకొందును మామ్మా అన్నాడు. మరి నీ సేతిలో ఉన్నదేటి అని అడిగాను.

బైబిలు ఉంది.

జూలై 24

వరద తగ్గిందట. ధనుంజయ్ రేపు బండెక్కుతాడు.

పెరట్లోకి వెళ్లాను. ఆషాఢం కదా, మునగాకు కోస్తున్నానన్నాను. కుండ కట్టిన సెట్టు ఆకు తినకూడదత్తయ్యా అంది సుధ. నా చేతిలో ఆకు లేదు. మూసిన పిడికిలి చూసింది. లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

జూలై 25

ధనుంజయ్ కుండతో వెళ్లాడు. నేను పొడుం మానేశాను.

ఆగస్టు 1

ఆదికాండం అయిపోయింది. యోసేపు పరాయి దేశం ఐగుప్తులో చస్తూ, నా ఎముకలు ఇక్కడ వదలకండి, మీతో తీసుకుపోండి అని తనవాళ్లతో ఒట్టు వేయించుకున్నాడు.

సుధా, నువ్వూ ఒట్టు వెయ్యి. నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు నా పొడుం డబ్బీ చీర చెంగున ముడి వెయ్యి. ముసల్దానికి పొడుం పిచ్చి అని అప్పలనరసింహానికి చెప్పు.

మూత తియ్యనివ్వకు.