బెత్తెడు మట్టి ఉన్న మా బండనేల

పూసిందర్రా! మన బండనేల మీద ముక్కుపుడక పువ్వు మళ్ళీ పూసింది. పొద్దున్నే నా కళ్ళతో చూసి వచ్చాను. ఒకటీ అరా కాదు, నెర్రెల వెంట పసుపు చల్లినట్టు పూసింది.

ఆ సంతోషంలో రాస్తున్నాను గానీ మతి చెడి కాదు. వయసు మళ్ళినా బుద్ధి నిలకడగానే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇళ్ళకు సున్నాలు వేసి బతికినవాణ్ణి, ఊరంతా బండాయన అని పిలిచే మనిషిని, నా ఇష్టప్రకారం నా సొంత దస్తూరితో రాసుకుంటున్న వీలునామా ఇది. నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇంతకుముందు కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు.

మన ఇంట్లో కుదిరిన మాట అందరికీ గుర్తుంది. నాపరాళ్ళు కోసే కంట్రాక్టరు ఆ నేల అడుగుతున్నాడు. "చచ్చిన నేలని పట్టుకుని ఏం చేస్తాం నాన్నా" అన్నారు అబ్బాయీ అమ్మాయీ. నాకు కోపం రాలేదు, అది చచ్చినట్టే ఉంది మరి. ఈ వానలకి పువ్వు కనిపిస్తే బండ జోలికి పోకూడదనీ, లేకపోతే కోతకి ఇచ్చెయ్యాలనీ అనుకున్నాం. కనిపించింది. కాబట్టి:

1. బండనేల. తూర్పున మా అన్నయ్య చేను, పడమర కాలిబాట, దక్షిణం వాగు, ఉత్తరం కంట్రాక్టరు తవ్వి వదిలేసిన గొయ్యి హద్దులుగా గల సదరు నేల నా తదనంతరం అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా చెందాలి. అనుభవించవచ్చు, అంటే కూర్చోవచ్చు, పడుకోవచ్చు. కొయ్యడానికీ పేల్చడానికీ అమ్మడానికీ హక్కు లేదు. సున్నం బట్టీకి ఒక్క పెళ్ళ కూడా పోరాదు. జన్మంతా సున్నం పనితోనే పొట్ట పోసుకున్నాను, ఈ రాయిని మాత్రం కాల్చలేదు. పంపకాల్లో అన్నయ్య లోతునేల తీసుకుని "నీకు పొలం రాలేదురా, అరుగు వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట చాలా ఏళ్ళు మరిచిపోలేదు.

2. మట్టి తోలరాదు. అల్లుడు ప్రేమకొద్దీ "నాలుగు ట్రాక్టర్లు చెరువుమట్టి తోలిస్తే బాగుపడుతుంది మామయ్యా" అన్నాడు. నాయనా, బాగుపడితే పాడైపోతుంది. అక్కడ వేలు దింపితే రాయి తగులుతుంది. వాన పడితే నీళ్ళు ఇంకవు, ఎండ కాస్తే పెనం. ఆ రెంటినీ ఓర్చుకున్న చిట్టిమొక్కలే అక్కడ బతుకుతాయి. మట్టి పెరిగిందా, పొడుగు గడ్డి దిగి వాటి నెత్తిన కూర్చుంటుంది. ఎండాకాలం బొగ్గులా కనిపించే నాచు కూడా చచ్చింది కాదు, ఒక్క జల్లు పడితే పచ్చబడుతుంది. దాన్ని గీకి శుభ్రం చెయ్యకండి.

3. కంచె. అబ్బాయి వెల్డింగు పనిలో మొనగాడు. నేలని కాపాడాలని చుట్టూ ఇనప కంచె కట్టి నాకు కానుక ఇచ్చాడు. గేటు మీద బండాయన అని అక్షరాలు అతికించాడు. నేను ఉబ్బిపోయి వీధి వీధినంతా పిలిచి చూపించాను. దాంతో అన్నయ్య గొర్రెలు రావడం ఆగిపోయింది. అన్నయ్య అలిగి నాతో మాట మానేశాడు. గొర్రెలు లేక ముళ్ళపొదలు నెర్రెల్లోకి వేళ్ళు దించి ఎదిగాయి, వాటి నీడలో పువ్వు మాయమైంది. కిందటేడు గాలివానకి వాగు వైపు కంచె పడిపోతే గొర్రెలే దారి కనుక్కుని వచ్చి పొదల్ని మోడు చేశాయి. ఇవాళ ఈ పువ్వు. మనలో ఎవరి తెలివీ లేదు ఇందులో. అందుచేత గింజ రాలాక మేసే హక్కు అన్నయ్య గొర్రెలకీ, వాటి పిల్లలకీ శాశ్వతంగా ఇస్తున్నాను. అబ్బాయీ, కంచె ఇనుముతో మీ అమ్మకి మేడమెట్ల పక్కన పట్టుకునే కడ్డీ చెయ్యి. గేటు మాత్రం ఉండనివ్వండి. చుట్టూ ఏమీ లేకుండా గేటొక్కటే నిలబడితే నవ్వుతారు, నవ్వనివ్వండి. నాకది ముద్దు.

4. ఇల్లు నా భార్యకి, ఆమె ఉన్నన్నాళ్ళూ. కిటికీ దగ్గర కుర్చీ ఆమెదేనని ఇన్నాళ్ళకి రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. పెళ్ళయిన కొత్తలో బండ మీద ఆమె ముక్కుపుడక జారిపోయింది. వెతికి వెతికి "దొరికింది" అని ఆమె పట్టుకున్నది ఈ పువ్వుని. పేరు అలా వచ్చింది. ఆ పుడక ఇంకా ఏ నెర్రెలోనో ఉంది. ఎవరికి దొరికినా ఆమెకే చెందాలి.

5. గవ్వల అచ్చులున్న రాతి పలక అమ్మాయికి. చిన్నప్పుడు "ఇక్కడికి సముద్రం ఎలా వచ్చింది నాన్నా" అని అడిగేది. పెద్దయ్యాక అదే చదువుకుని వచ్చి, ఈ బండే ఒకప్పుడు సముద్రపు అడుగు అని నాకు చెప్పింది. ఆ రోజు నుంచి బండ మీద చెప్పులు విడిచి నడుస్తున్నాను. ఈ వీలునామా అమలు చేసే భారం కూడా ఆమెదే. తమ్ముడి మీద అరవకుండా చెయ్యాలి.

6. నా కుంచెలూ నిచ్చెనా రంగుల షాపు నడిపే మన అల్లుడికి. సున్నమంటే అతనికి చిన్నచూపు. నిచ్చెన ఎక్కితే చూపు పెద్దదవుతుందని ఆశ.

ఇందులో నాకు దుఃఖం ఏమీ లేదు. ఎవరూ ఏడుస్తూ చదవకండి.

వానలు మొదలైన నెల పన్నెండో తారీఖు, మంగళవారం.
సంతకం: బండాయన
సాక్షులు: తాళాలు బాగుచేసే పక్కింటాయన; పాలకేంద్రం ఆవిడ. ఇద్దరూ నాతో వచ్చి పువ్వు చూసే సంతకాలు పెట్టారు.

వెంటనే కబురు చెప్పవలసిన వాళ్ళు: మా పిన్నికి, కుడిచెవిలో. మా బావమరిదికి, వాడు నమ్మడు, ఫొటో పంపండి. వియ్యపురాలికి, అది తినే ఆకు కాదని ముందే చెప్పండి. మేనకోడళ్ళు ముగ్గురికీ ఒకేసారి, లేకపోతే అలుగుతారు. అన్నయ్యకి ఎవరూ చెప్పొద్దు. నేనే వెళ్తున్నాను.